నాచు కింద ఎండ

ఆ చేతొడుగు దయా, ఎరా? తొమ్మిదేళ్లుగా ఏజెంట్ కెస్కిల్‌కి తేలని సందేహం అది.

ఉత్తరాన గడ్డకట్టిన లేనా నది ఒడ్డున, సున్నాకి యాభై డిగ్రీల దిగువన, శత్రువుల నుంచి పారిపోతూ ఎడమచేతి తొడుగు పోగొట్టుకున్నాడు. వాళ్ల లారీలోంచే ఒక అందగత్తె దిగి, తన ఎడమ తొడుగు తీసి అతనికి తొడిగి, మాటైనా లేకుండా మళ్లీ లారీ ఎక్కింది. వేళ్లు దక్కాయి. కానీ మర్నాడే అతను దాక్కున్న ఇంటి మీద తూటాలు కురిశాయి.

ఇప్పుడు కల్నల్ మిచిల్ బల్ల మీద పెట్టిన ఫొటోలో నవ్వుతున్నది ఆమే.

"పేరు తుయారా. మొక్కల శాస్త్రవేత్త వేషంలో కొండవాలు డిపోలో చేరింది. నది ఒడ్డునున్న డీజిల్ ట్యాంకుని కూల్చాలని విదేశీ ముఠా ప్లాను. బాంబు లేదు, మందుగుండు లేదు. మన కుక్కలు వాసన పట్టీ పట్టీ అలిసిపోయాయి."

"మరి దేంతో కూలుస్తారు సార్?"

"తెలిస్తే నిన్నెందుకు పిలుస్తాను? లోపల మన మనిషి ఒకరున్నారు. ఎవరో నాకూ చెప్పలేదు. 'గుర్రాలకి దాహమా' అని అడిగితే, 'మంచు తింటున్నాయి' అను."

"జూలైలోనా?"

"అందుకే ఇంకెవరూ అడగరు."

ట్యాంకు కూలితే ఏమవుతుందో కెస్కిల్ అడగలేదు. నది దిగువనే అతని ఇల్లు. చలికాలమంతా భార్యాపిల్లలు ఆ నది మంచునే దిమ్మలుగా కోసి, కరిగించుకుని తాగుతారు.

బయల్దేరేముందు పొయ్యిలో నిప్పుకి వెన్న రాసిన రొట్టెముక్క సమర్పించి దణ్ణం పెట్టాడు. నిప్పు వింటుందో లేదో అతనికి తెలియదు. వినలేదని మాత్రం ఎప్పుడూ అనిపించలేదు.

వేషం: దుంగల ఇళ్లు కట్టే మేస్త్రీ. ఆయుధం: రసమట్టం. అందులో దాచిన మీటరు, గురిపెడితే చాలు, దూరంలో ఉన్న నేల వేడి చెబుతుంది. సంచి అడుగున ఆ పాత చేతొడుగు.

డిపో మేనేజరు అఫనాసి గిన్నెడు పులిసిన గుర్రప్పాలతో ఎదురొచ్చాడు.

"నాచు కోసం ఇంత దూరమా మేస్త్రీ? మీ ఊళ్లో నాచంతా మీ ఆవిడ వండేసిందా?"

"దుంగల సందుల్లో కుక్కడానికి ఇక్కడిదే మెత్తనన్నారు."

"ఎక్కడైనా పీక్కో. ట్యాంకు వెనక మాత్రం వద్దు. పోయినేడు ముసలమ్మలు మొత్తం పట్టుకుపోయారు, ఇప్పుడిప్పుడే మొలుస్తోంది."

పక్కనే పరికరాల దగ్గర ఎర్రకోటులో తుయారా. ముప్ఫై రెండు డిగ్రీల ఎండలో కోటు! ఎడమచెయ్యి జేబులోంచి బయటికి రావడం లేదు. పిస్తోలే, అనుకున్నాడు కెస్కిల్.

"నాచంటే ఏమనుకున్నావు మేస్త్రీ?" అందామె, అతన్ని గుర్తుపట్టిందో లేదో తెలియనివ్వకుండా. "నేలకి దుప్పటి. అది ఉన్నంతకాలం ఎండ అందులోని తడిని ఆవిరి చేస్తూ పైపైనే అలిసిపోతుంది. అది పోయిందా, వేడి నేరుగా అడుగున ఉన్న మంచులోకి దిగుతుంది."

హెచ్చరికా? వెక్కిరింతా?

అఫనాసి మాటే అతన్ని ఎక్కువ తొలిచింది. మొత్తం పట్టుకుపోయారా? ఏ ముసలమ్మా నాచుని మొత్తం తియ్యదు. పట్టీలు పట్టీలుగా తీసి, మధ్యలో అంతే వెడల్పు వదిలేస్తుంది. లేకపోతే నేల కుంగుతుందని పసిపిల్లకీ తెలుసు.

ట్యాంకు వెనక్కి వెళ్లి రసమట్టం గురిపెట్టాడు. పొడుగాటి లార్చ్ చెట్ల కింద నాచు: పదహారు డిగ్రీలు. ట్యాంకు పక్కన పచ్చదనం: నలభై ఒకటి.

మోకాళ్ల మీద కూర్చుని ఆ పచ్చదనాన్ని పట్టి లాగాడు. రంగు వేసిన వల! కింద ఎండ వేడిని పీల్చే నల్లటి బొగ్గుపొడి. దాని కింద వేలు పెడితే మోచేతిదాకా దిగిపోయే బురద. వేల ఏళ్లుగా గడ్డకట్టి ఉన్న నేల కరిగిపోయింది.

"చేతులెత్తు మేస్త్రీ."

తుయారా. కుడిచేతిలో పిస్తోలు. వెనకే అఫనాసి, పొట్ట ఊగేలా నవ్వుతూ.

"సూర్యుడే మా బాంబు! ఏడాదిగా పేలుతోంది, చప్పుడు లేకుండా. అదిగో, పడవ నుంచి డీజిల్ ఎక్కుతోంది. సగం నిండితే చాలు, బరువుకి అదే ఒరుగుతుంది. తప్పెవరిది? నేలది!"

పైన ట్యాంకు మూలిగింది. ఒక బోల్టు టప్పున ఎగిరిపోయింది.

తుయారా కన్నార్పకుండా అడిగింది. "మేస్త్రీ, గుర్రాలకి దాహమా?"

కోడ్ దొంగిలించిందేమో! కానీ తూటా పేల్చదలిస్తే ప్రశ్నెందుకు?

"మంచు తింటున్నాయి."

పిస్తోలు అఫనాసి చెవికి ఆనింది. "కదిలావా, నువ్వూ నేలలోకే!"

కెస్కిల్ పరిగెత్తాడు. డీజిల్‌ని ఆపే పంపు చక్రం బిగుసుకుపోయి ఉంది. వేలాడి తిప్పాడు. ట్యాంకు నది వైపు జానెడు ఒరిగింది. ఇంకో చుట్టు. గొట్టం దగ్గింది, ఆగింది. ట్యాంకూ ఆగింది. ఒక్క చుక్క నదిలో పడలేదు.

అఫనాసిని కట్టేశాక తుయారాని అడిగాడు. "ఆనాడు నేను దాక్కున్న ఇల్లు వాళ్లకెవరు చూపించారు?"

"నువ్వే. ఆ చలిలో పొగ నిటారుగా లేస్తుంది మేస్త్రీ, పది మైళ్లకి కనిపిస్తుంది. దాక్కున్నవాడు పొయ్యి ఎందుకు వెలిగించాడో నాకు అర్థం కాలేదు."

కెస్కిల్ తలదించుకున్నాడు. "నిప్పుకి రొట్టె పెట్టకుండా నేను తినను."

ఆమె పకపకా నవ్వింది. అతను సంచి అడుగునుంచి చేతొడుగు తీసి చాచాడు. అప్పుడు బయటికొచ్చింది జేబులోంచి ఎడమచెయ్యి. రెండు వేళ్లు లేవు. ఆనాటి చలి పట్టుకుపోయింది.

తనే జాగ్రత్తగా ఆ చేతికి తొడిగాడు.

తుయారా తొడుగుని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "కాస్త వదులైంది. ఫరవాలేదు, ఖాళీలో తూటాలు దాచుకుంటాను."