దిష్టి కొలిచే మనిషి

పాతరేవు వీధిలో ఇల్లిల్లూ కొలుచుకుంటూ వస్తున్న అమ్మాజీ చేతిలో దిష్టిబొమ్మ ఇంకా నులివెచ్చన దాటలేదు. కచేరి కాగితాల్లో దాని పేరు అసూయామాపకం. ఆ పేరుతో పిలిచిన మనిషి కాకినాడలో ఇంకా పుట్టలేదు. అరచేతిలో ఇమిడే నల్లబిళ్ళ, మధ్యలో చిన్న అద్దం. గుమ్మం ముందు నిలబడి మెల్లగా తిప్పితే చాలు, దగ్గరున్న మనుషుల ఒళ్ళు పసిగట్టి అద్దం మీద మూడింటిలో ఒక మాట చూపిస్తుంది. నులివెచ్చన, మరుగు, పొంగు. పొంగు పడితే మాత్రం కూత కూడా పెడుతుంది. కూత పెట్టాక ఆ వీధిలో పని ఉన్న ఇంట్లోంచి పని లేచిపోయి, కచేరి తీసే చీటీల్లో పేరు తగిలిన మరో వీధికి వెళ్ళిపోతుంది.

రేవు మూతపడి, బ్యాంకులు ఒకదాని వెనక ఒకటి కూలి, రొయ్యల షెడ్లు యంత్రాల పాలయ్యాక ఊళ్ళో మనుషులు చేసే పనులు గుప్పెడు మిగిలాయి. తిండికి లోటు లేదు, ఊరటబియ్యం అందరికీ వస్తాయి. లోటల్లా పొద్దున్నే తల దువ్వుకుని వెళ్ళడానికి ఒక చోటు. దాని కోసం మొదట్లో తలలు పగిలాయి, పని ఉన్నవాళ్ళ ఇళ్ళు తగలబడ్డాయి. అప్పుడు పుట్టింది వంతుల కచేరి. అసూయ పొంగగానే పనిని అక్కణ్ణించి తప్పించేస్తే గొడవే ఉండదని దాని లెక్క. జనం మాత్రం తక్కువ తిన్నారా? పని ఉన్న ఇంటికి ఎదురుగా అరుగుల మీద చేరి, కళ్ళలో నిప్పులు పోసుకుని కూర్చునేవారు. పని చేతులు మారుతూ మారుతూ ఎప్పటికైనా తమ గుమ్మం తొక్కకపోతుందా అని వాళ్ళ ఆశ. దొంగ ఏడుపుకి దిష్టిబొమ్మ కదలదు. నిజంగా ఏడవాలంటే ఓపిక కావాలి, అది కొన్నాళ్ళకి అందరికీ అయిపోయింది.

తరవాతి ఇల్లు నూకరత్నానిది. ఆ గుమ్మం దగ్గరికి వచ్చేసరికి అద్దం మీద మరుగు అని పడింది. కొంతకాలంగా ఇక్కడ ఇదే వరస. ఈసారి పొంగితే పని మార్చేస్తామని కచేరి ముందే చెప్పింది. ఆ మాట తలుచుకుంటే అమ్మాజీకి లోపలెక్కడో చల్లగా ఉంది, ఉన్న మాట చెప్పుకోవాలి.

ఇద్దరూ ఒకప్పుడు ఒకే షెడ్డులో పక్కపక్కన నిలబడి రొయ్యలు ఒలిచినవాళ్ళు. షెడ్డు మూసేసిన రోజు ఒకే ఆటోలో ఏడ్చుకుంటూ ఇంటికొచ్చారు. తరవాత అమ్మాజీకి ఈ కొలతపని తగిలింది. ఆమె వీధిలోకి అడుగుపెడితే తలుపులు పడతాయి. నూకరత్నానికి తగిలిన పని వేరు. యంత్రాలు నీళ్ళు పోసిన పసిపిల్లలు సరిగ్గా పాలు తాగడం లేదని ఆసుపత్రిలో ఎవరో కనిపెట్టి, ఒక్క మనిషిని పెట్టి చూద్దామన్నారు. ఆ ఒక్క మనిషి నూకరత్నం. కాళ్ళు బారచాపి, బిడ్డను కాళ్ళ మీద బోర్లా వేసుకుని, నలుగు పెట్టి, నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసి తల్లి చేతికిస్తుంది. బాలింతలు ఆమె చెయ్యి పట్టుకుని వదలరు. ఒకావిడైతే కూతురికి రత్నం అనే పేరు పెట్టేసింది. ఆ సంగతి విన్న రోజు అమ్మాజీకి అన్నం సయించలేదు.

గేటు చప్పుడుకి నూకరత్నం బయటికొచ్చింది. తెల్లవారుజామున వెళ్ళి అప్పుడే తిరిగొచ్చినట్టుంది, చేతుల దగ్గర సెనగపిండి వాసన. వదినా అంటూ లోపలికి లాక్కెళ్ళి కూర్చోబెట్టింది. ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేస్తే ఒక్క దగ్గు కూడా రాలేదని, ఘాటు రాలేదంటే దిష్టి ఎంత గట్టిదో చూడమని చెప్పుకొచ్చింది. ఎదురింటి చిట్టెమ్మ మీదే అనుమానం. ఆమెతో మాటలు మానేసింది. ఒకప్పుడు రేవులో క్రేను తోలిన మొగుడు లోపలిగదిలో గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

"ఇది పోతే ఇద్దరం గోడలు చూస్తా కూర్చోవాలి వదినా. ఆయనొక్కడు కూర్చుంటేనే చూళ్ళేకపోతన్నాను" అంది.

నూకరత్నం అంతటితో ఊరుకోలేదు. ఊరంతా తిరిగే దానివి, పని ఉన్న దానివి, నీ మీద ఎన్ని కళ్ళు పడుతున్నాయోనంటూ గుప్పెట్లో ఉప్పు పట్టుకుని అమ్మాజీ చుట్టూ తిప్పడం మొదలుపెట్టింది. తిప్పుతూ తిప్పుతూ ఆ పొద్దుటి ముచ్చట చెప్పింది. పుట్టినప్పటినుంచీ గుక్కపట్టి ఏడుస్తున్న బిడ్డ ఒకటి, కాళ్ళ మీద వేసుకోగానే ఏడుపు ఆపి తన వేలు పట్టుకుందట. నిద్రపోయినా వదలలేదట.

దిష్టిబొమ్మ కూత పెట్టింది.

నూకరత్నం మొహం తెల్లబోయింది. అమ్మాజీ చటుక్కున లేచి వీధి దాటి చిట్టెమ్మ గుమ్మం ముందు నిలబడింది. చిట్టెమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ తలెత్తి చూసి మళ్ళీ ఏరుకుంది. నులివెచ్చన. ఈ చివరా అంతే, ఆ చివరా అంతే. వెనక్కొచ్చి నూకరత్నం చేతులకేసి చూసిందో లేదో మళ్ళీ కూత.

ఇంక తెలియకపోవడానికేముంది? కొలిచే మనిషి ఒంటిని వదిలేసేలా ఆ బిళ్ళను ఎవరూ తయారుచేయలేదు. ఆ అవసరం రాదనుకున్నారు. పని ఉన్నచోట అసూయ ఉండదన్నది కచేరి మొదటి సూత్రం.

"పాతరేవు వీధిలో పొంగు నమోదైంది. మూలం ఉన్న ఇల్లు చెప్పండి" అంది బిళ్ళలోంచి కచేరి గొంతు.

చిట్టెమ్మ ఇల్లు అంటే సరిపోతుంది. ఇంత చిన్న మాట. రేపటినుంచి నూకరత్నం చేతులకి ఏ వాసనా ఉండదు. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందంటారు, పగిలితే పగలనీ అని నోటిదాకా వచ్చింది. నూకరత్నం ఇంకా ఆ ఉప్పు గుప్పెట్లోనే పట్టుకుని నిలబడి ఉంది. తనకోసం తిప్పిన ఉప్పు.

"నాదే" అంది అమ్మాజీ.

"కొలతమనిషికి పని ఉంది. మూలం చెల్లదు. వేరే ఇల్లు చెప్పండి."

"పనీ ఉంది, ఏడుపూ ఉంది. రాసుకో."

నూకరత్నం ఆమెకేసి చూసింది. "నువ్వా వదినా?"

"నేనేనే. నిన్ను చూస్తే నా కడుపు భగ్గుమంటంది. నువ్వు కనపడితే చెయ్యి పట్టుకుంటారు. నేను కనపడితే తలుపులేసుకుంటారు. నా పని చూసి ఏడ్చే దిక్కు కూడా లేదు నాకు."

ఓదారుస్తుందనుకుంది. నూకరత్నం ఉప్పు విదిలించేసి చేతులు దులుపుకుంది.

"ఈ ముక్క ముందే ఏడిస్తే చిట్టెమ్మతో మాటలు మానేదాన్ని కాదు కదా. అది మొన్న జొరంతో పడుంటే గుక్కెడు గంజి కూడా ఇవ్వలేదు నేను."

అమ్మాజీకి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. బిళ్ళలో గొంతు మళ్ళీ వచ్చింది, ఈసారి కాస్త తడబడుతూ.

"ఏ పని ఇస్తే మీకు తగ్గుతుంది?"

"ఈవిడ చేసేదే."

"అది ఒక్కటే ఉంది."

"ఊళ్ళో పుట్టిన ప్రతి బిడ్డకీ ఈవిడొక్కతే పోస్తందా? మిగతావాళ్ళకెవరు పోస్తన్నారు?"

"యంత్రాలు."

"మాకు పని కావాలని ఆ యంత్రాలు మిమ్మల్ని వచ్చి అడిగాయా?"

అద్దం మీద మాట చెరిగిపోయింది. మళ్ళీ గొంతు వినబడినప్పుడు అది అమ్మాజీ ఒక్కదానితో మాట్లాడలేదు. ఊళ్ళో తిరుగుతున్న కొలతమనుషులందరూ ఉన్నచోటే ఆగి, దిష్టిబొమ్మను తమవైపే తిప్పుకోవాలని చెప్పింది.

తరవాత పక్కవీధిలో ఒక కూత వినిపించింది. దాని వెనకే రేవు వైపునుంచి ఇంకొకటి, బజారు వైపునుంచి మరొకటి. అప్పటికి నూకరత్నం వీధి దాటి చిట్టెమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.