గుమ్మడికాయ ఆగిన చోటు

సోలోమియా అటక కిటికీలోంచి ఏదో అరిచింది. గాలి ఆ మాటను దారిలోనే మింగేసింది. తాడుకు కట్టిన చెక్కబండి మాత్రం మంచు మీద జారుకుంటూ వచ్చి లుక్యాన్ అటక కిటికీ ముందు ఆగింది. అందులో ఒక గుమ్మడికాయ.

బండితో పాటు లుక్యాన్ గుండె కూడా ఆగింది.

ఈ కార్పాతియన్ కొండల్లో పెళ్ళికి అడిగినవాణ్ణి ఆడపిల్ల నోరు తెరిచి వద్దనదు. గుమ్మడికాయ చేతికిస్తుంది. సరేననుకుంటే అడగవచ్చిన పెద్దల భుజానికి తను కుట్టిన తువ్వాలు కడుతుంది. సోలోమియాను అడగమని లుక్యాన్ తన మేనత్త చేత కబురు పెట్టించాడు. ఆదివారం చెబుతామన్నారు. ఇవాళే ఆదివారం.

ఈలోగా ఆకాశం విరిగి మంచై ఊరి మీద పడింది. మూడు రోజుల్లో కంచెలు మాయం, కింది కిటికీలు మాయం, చర్చికి శిలువ ఒక్కటే మిగిలింది. కరెంటు మొదటిరోజే కన్నుమూసింది. ఇంటికీ ఇంటికీ తాళ్ళు కట్టి, చెక్కబండిలో రొట్టెలూ పాలూ లాక్కుంటున్నారు. ఎవరిది వాళ్ళు తీసుకుని, మిగతాది పక్కింటికి తొయ్యాలి.

లుక్యాన్ గుమ్మడికాయను మంచం కింద దాచి పార అందుకున్నాడు. కాదన్నా ఔనన్నా చలి చలే. ఆమె తండ్రి దెమ్యాన్‌కి కాలు బాగాలేదు, వాళ్ళ కట్టెలమోపు మంచు కిందే ఉంది.

తవ్వుతూంటే అటునుంచి ఇంకో పార చప్పుడు వినిపించింది. ఆ పక్కన మరొకటి. ప్రతి గుమ్మంలోంచీ ఎవరో ఒకరు ఎదుటివాడి వైపు తవ్వుకొస్తున్నారు. మధ్యాహ్నానికి ఆఖరి గోడ కూలింది. మనిషికి రెండింతల ఎత్తున నీలంగా మెరిసే మంచుగోడల మధ్య వీధి వీధంతా ఎదురుబొదురుగా నిలబడి, తాము చేసిన దారిని తామే నమ్మలేనట్టు చూసుకుంది.

తొంభై ఏళ్ళ యావ్దోఖా బామ్మే మొదట నోరు విప్పింది.

"నాకు పంపుతానన్న గుమ్మడికాయ ఏదమ్మా? పొద్దున్నుంచీ ఎసరు మరుగుతూనే ఉంది."

"పంపాను బామ్మా. నీ వైపు తొయ్యమని ఇతనికి అరిచి మరీ చెప్పాను," అంది సోలోమియా.

"అయితే గుమ్మడికాయ దొంగెవడు?" అన్నాడు దెమ్యాన్.

మన సామెత ఇంత మంచులో ఈ కొండెలా ఎక్కిందో గానీ, లుక్యాన్ చెయ్యి దానంతటదే భుజం మీదికి పోయింది. వీధంతా చూసింది.

"నాకనుకున్నాను," అన్నాడు నెమ్మదిగా. "అందుకే దాచేశాను. క్షమించు బామ్మా."

వీధి నవ్విన నవ్వుకు చూరు మీది మంచు జారిపడింది. సోలోమియా నవ్వలేదు.

"నేను వద్దన్నాననుకుని కూడా మా ఇంటిదాకా తవ్వుకొచ్చావా?"

"మీ కట్టెలు మంచు కింద ఉన్నాయి కదా."

ఆమె కోటులోంచి తువ్వాలు తీసింది. ఎర్రదారం, నల్లదారం కుట్టు.

"మీ అత్త ఇంటికి ఇంకా దారి పడలేదు. ఆవిడకి కట్టాల్సింది నువ్వే మొయ్యి," అని అతని భుజానికి కట్టింది.

గుమ్మడికాయను ఎత్తుకుని బామ్మ ఇంటివైపు నడుస్తూ లుక్యాన్ ఇంకోసారి భుజం తడుముకున్నాడు. ఉంది.