సాక్షి వెళ్ళవచ్చు

ఆ ఊళ్ళో అడుగుపెట్టిన కాసేపటికే జడ్జమ్మకి ఒళ్ళు మండిపోయింది.

బండి దిగి, ముందుగా కనబడిన ఇంటి తలుపు కొట్టింది. ఓ ముసలాయన కిటికీలోంచి తొంగి చూశాడు. ఆవిడ నల్ల అంగీ చూశాడు, చేతిలో వెండి పొన్ను కర్ర చూశాడు, వెనకాల కాగితాల పెట్టె మోస్తున్న గుమాస్తానీ చూశాడు. అన్నీ తీరిగ్గా చూసి, "ఎవరు?" అన్నాడు.

"రాజధాని నుంచి వచ్చిన జడ్జిని."

"ఎవరు?"

"జడ్జినయ్యా! చెవుడా?"

"ఎవరు?"

మూడోసారికి జడ్జమ్మ నోరు జారింది. ఏమందో ఇక్కడ రాయడం బాగుండదు. ఆ వెంటనే కిటికీ మూసుకుంది. పక్కింట్లోనూ అదే వరస, ఆ పక్కింట్లోనూ అంతే. ఎదురుగా నిలబడ్డ మనిషిని పట్టుకుని మూడుసార్లు ఎవరని అడగడమేమిటి? వేళాకోళం కాకపోతే!

"తిట్టాలన్నా ముందు తలుపు తియ్యనివ్వాలి కదక్కా," అన్నాడు గుమాస్తా. "లోపలికెళ్ళాక తీరిగ్గా తిట్టుకోవచ్చు."

గుమాస్తా ఆవిడ తమ్ముడే. నలభై దాటినా ఏ పనిలోనూ కుదురుగా నిలవలేదు. వీణ్ణి నువ్వే కనిపెట్టుకుని ఉండమని అమ్మ పోయేముందు చెయ్యి పట్టుకుని అడిగితే, కాదనలేక వెంట తిప్పుకుంటోంది. అతనికి వచ్చిన విద్యల్లా వేగంగా రాయడమే. సాక్షి చెప్పింది చెప్పినట్టు పైకి అంటూ రాస్తాడు, తప్పుంటే సాక్షే దిద్దుకోవచ్చని. ఆ గొంతు విని విని జడ్జమ్మకి నిద్రలో కూడా అదే వినిపించేది.

ఏటి ఒడ్డున ఉన్న ఆ ఊరు రాజ్యానికి చిట్టచివర. ఏరు దాటితే పటంలో ఖాళీ కాగితమే. రాజుగారు ఈ సరిహద్దు ఊళ్ళని గెలిచి చాలాకాలమైంది కానీ, చట్టం ఇంకా ఇక్కడిదాకా నడిచి రాలేదు. దాన్ని నడిపించుకురమ్మని జడ్జమ్మని పంపారు. ఒక ఊళ్ళో ఆవిడ బండి బోర్లా తోశారు. ఇంకో ఊళ్ళో బావి దగ్గరికి రానివ్వలేదు. ఊరివాళ్ళకి ఆవిడ రాజధాని మనిషి. కోటలో ఉండే సైనికులకేమో, తమ పెత్తనానికి అడ్డొచ్చిన ముసల్ది. ఎవరి మంచికోసం వచ్చిందో వాళ్ళే మొహం మీద తలుపులేస్తుంటే, ఎంత ఓర్పున్న మనిషికైనా విసుగు రాదూ? జడ్జమ్మకి ఆ ఓర్పు కూడా తక్కువే.

కోర్టు పెట్టడానికి తోళ్ళ గిడ్డంగి ఒకటి ఇచ్చారు. తోళ్ళు తీసేసినా వాసన పోలేదు. ఉప్పు, పచ్చితోలు, ఎలకలు. ఒక బల్ల, సాక్షికి ఒక పీట, జనానికి నాలుగు వరసల బెంచీలు. బెంచీల మీద నరపురుగు లేదు. జడ్జమ్మ వెండి పొన్ను కర్ర నేలకి ఆనించింది. ఆ కర్ర ఎక్కడ నేలకి ఆనితే అక్కడే కోర్టు. చట్టం అలా రాసుంది.

ముద్దాయి పడవవాడు. పాతికేళ్ళుండవు. ఏరు దాటిస్తూ సుంకాల అధికారిని నీళ్ళలోకి తోసి చంపాడని కోట దళపతి ఫిర్యాదు. ఆవేళ పడవలో ఉన్నది ఆ ముగ్గురే. శవం దొరకలేదు.

"నేను వెనక గడ వేస్తున్నానండీ," అన్నాడు పడవవాడు. "ధబ్బుమని చప్పుడైంది. తిరిగి చూసేసరికి ఆయన లేడు. దళపతిగారు బూటు తుడుచుకుంటున్నారు."

దళపతి నవ్వాడు. అతని ఒళ్ళో కొత్త తాడు చుట్ట ఉంది. "దీపాలు పెట్టేవేళకి వీడి తరఫున ఒక్క సాక్షి రాకపోతే నా మాటే సాక్ష్యం. మీ చట్టమే కదా, అమ్మగారూ?"

ఆవిడ చట్టమే. ఏం చేస్తుంది? ఒడ్డున బట్టలుతికేవాళ్ళు చూశారు, చేపలవాళ్ళు చూశారు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. కానీ జడ్జమ్మ బండి కదిలిన మర్నాడే సాక్ష్యం చెప్పినవాడి ఇల్లు తగలబడుతుందని కూడా అందరికీ తెలుసు. పొద్దుటినుంచీ ఒక్కొక్కరినే పిలిపించింది. పిలిచిన ప్రతిసారీ గుమాస్తా గడపలో నిలబడి అరిచి, తిరిగొచ్చి, పైకి అంటూ రాశాడు.

"మూడుసార్లు పిలవడమైనది. ఎవరూ రాలేదు."

మధ్యాహ్నం దాటేసరికి ఆ మాట వింటే కర్ర విసిరెయ్యాలనిపించింది. ఇన్నేళ్ళలో, అవతలి పక్షం వినకుండా ఒక్క మెడకీ తాడు బిగించమని చెప్పలేదావిడ. అదొక్కటే ఆవిడ గర్వం.

మూలన పడవవాడి అక్క కూర్చుని ఉంది. తోబుట్టువు కాబట్టి ఆమె మాట చెల్లదు. ఆమె నీళ్ళ కుండ నింపడానికి లేచినప్పుడు జడ్జమ్మ విరుచుకుపడింది.

"మీ ఊళ్ళో ఒక్క మనిషికైనా మర్యాద తెలుసా? తలుపు కొడితే మూడుసార్లు అడగడమేమిటి?"

"మర్యాద కాదమ్మా, భయం." ఆమె గొంతు తగ్గించింది. "ఏట్లో పోయినవాళ్ళు మా ఊళ్ళో చాలామంది. ఒక్కోసారి వచ్చి తలుపు కొడతారు. మనవాళ్ళ గొంతే. బతికున్నవాడు మూడుసార్లూ చెప్తాడు. వాళ్ళు రెండుసార్లే చెప్పగలరు. అందుకే ఎవర్నీ ఊరికే లోపలికి రమ్మనం."

"రాజధానిలో చిన్నపిల్లలు కూడా నవ్వుతారు ఇలాంటివి చెప్తే."

"నవ్వనివ్వండమ్మా. వాడు నా తమ్ముడు. అమ్మ పోయాక నేనే పెంచాను." ఆమె గుమాస్తావైపు చూసింది. "మీకూ తమ్ముడున్నాడు కదా."

ఇంకోసారి పిలవమని జడ్జమ్మ తమ్ముణ్ణి గడపలోకి తరిమింది.

కొండ వెనక్కి పొద్దు తొందరగా జారిపోయింది. ఏటి మీంచి పొగమంచు లేచి వీధిలోకి వచ్చింది. దళపతి మనుషులు దీపాలు తెచ్చి బల్ల మీద పెట్టారు. దళపతి తాడు చుట్ట విప్పసాగాడు. "ఇక కానివ్వండి, అమ్మగారూ."

అప్పుడు జడ్జమ్మ తెగించింది. మోకాళ్ళ నొప్పి మరిచిపోయి, కర్ర టకటకలాడించుకుంటూ వెళ్ళి గిడ్డంగి తలుపులు రెండూ బార్లా తెరిచింది. మంచులోకి, మూసిన కిటికీలన్నిటికీ వినబడేలా అరిచింది.

"ఒక్కళ్ళకీ నోరు లేదా ఈ ఊళ్ళో? ఆ చావు సంగతి తెలిసినవాళ్ళు ఎవరైనా సరే, లోపలికి రండి! ఎవరైనా సరే!"

"అమ్మా, అలా అనకండి!" పడవవాడి అక్క పరుగెత్తుకొచ్చింది. "ఎవరైనా అని అనకండి!"

అప్పటికే అనేసింది.

వీధిలో చప్పుడు లేదు. ఎక్కడో కుక్క మొరగబోయి, సగంలో మానేసింది. ఎవరూ రాలేదు. జడ్జమ్మ సిగ్గుతో, కోపంతో వెనక్కొచ్చి కూలబడింది. ఇక ఉరి తీర్పు మీద సంతకం పెట్టాలి.

ముందు వాసన వచ్చింది. తోళ్ళ వాసన కాదు. ఏటి అడుగున ఉండే బురద వాసన.

తర్వాత చప్పుడు. గడప చెక్క మీద... తడి కాలు పెట్టినట్టు. ఇంకొకటి. మెల్లగా, బరువుగా. దీపాలు ఆరలేదు, కానీ వత్తులు కుంగాయి. సాక్షి పీట కిర్రుమంది. దాని కిందనుంచి నీళ్ళు కారి, పలకల సందుల్లోకి పాకాయి.

పీట మీద ఎవరూ లేరు.

ఆ వెనకే మొదటి వరస బెంచీ కిర్రుమంది... రెండో వరస... ఆఖరిది కూడా.

"పేరు?" అన్నాడు గుమాస్తా. అలవాటైన గొంతే. కాగితం మీంచి తల ఎత్తలేదు. "ఉద్యోగం... సుంకాల అధికారి."

"ఒరేయ్," అంది జడ్జమ్మ. కోర్టులో ఎప్పుడూ అలా పిలవలేదు. "ఇదా పరాచికాలకి సమయం?"

అతను వినలేదు. ఎవరో చెప్తుంటే పైకి అంటూ రాస్తున్నట్టే, ఆగి ఆగి, రాసుకుపోతున్నాడు. "కోట ధాన్యం... దళపతి ఎవరికి అమ్ముతున్నాడో నాకు తెలిసిపోయింది. నడి ఏట్లోకి రాగానే తోశాడు. పడవ అంచు పట్టుకున్నాను. బూటుతో తొక్కాడు. ముందు చిటికెనవేలు... తర్వాత..."

"ఆపండి!" దళపతి లేచాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. అతని చూపు గుమాస్తా మీద లేదు. పీట మీద ఉంది.

"...తర్వాత ఉంగరపు వేలు. విరిగినా వదల్లేదు. అతను నా పక్కకి వంగి అన్నాడు..."

"వదిలెయ్యమన్నాను!" దళపతి పీటకేసి చూస్తూ వెర్రికేక పెట్టాడు. "వదిలేస్తే పోయేది కదరా! నేను నీ వేళ్ళన్నీ నలపాల్సొచ్చేది కాదు కదరా!"

ఆ కేక వీధి చివరిదాకా వినబడి ఉంటుంది. అతని సైనికులే నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు. కాసేపటికి వాళ్ళలో పెద్దవాడు ముందుకొచ్చి, దళపతి ఒళ్ళోంచి జారిన తాడు తీసి, అతని చేతులే కట్టాడు.

జడ్జమ్మకి ఆ భయం కింద ఎక్కడో సంతోషం పొంగుతోంది, గెలిచానని. "ముద్దాయి నిర్దోషి," అంది. కర్ర ఎత్తింది. తమ్ముడి రెక్క పట్టుకుని గబగబా బయటికి లాక్కొచ్చింది. ఆ గదిలో ఇంకొక్క క్షణం ఉండలేకపోయింది.

"ఏమైందక్కా?" అన్నాడతను, నిద్రలేచినవాడిలా. "సాక్షి ఎవరైనా వచ్చారా?"

బండి దగ్గరికి పడవవాడి అక్క వచ్చింది. తమ్ముణ్ణి గట్టిగా పట్టుకునుంది. కళ్ళనీళ్ళతో దణ్ణం పెట్టింది కానీ, మొహంలో బెదురు పోలేదు. "వచ్చినవాళ్ళని పంపించేశారా అమ్మా?"

"కోర్టు అయిపోయింది. ఇంకేముంది?"

"పొమ్మని నోటితో చెప్పారా?"

"వెళ్ళు, వెళ్ళు. తమ్ముడికింత అన్నం పెట్టుకో." జడ్జమ్మ పగ్గాలు అదిలించింది, బండి కదిలింది.

ఊరు దాటి, గతుకుల దారిలో పడ్డాక, జడ్జమ్మకి ఒక్కసారి గుర్తొచ్చింది. ఏ సాక్షి పని అయినా ముగిశాక జడ్జి ఒక మాట అనాలి. అనేదాకా సాక్షి కోర్టుని విడిచి పోకూడదు. ఎన్ని వేలసార్లు అనుంటుంది ఆ మాట! ఇవాళ అనలేదు. కోర్టు గిడ్డంగిలో లేదు. కర్రతోపాటు బండిలో ఉంది.

కర్ర బండి చెక్కకి ఆనించి, మంచులోకి చెప్పింది. "సాక్షి వెళ్ళవచ్చు."

ఎద్దు ఒకసారి ఆగింది. చెవులు ఆడించి, మళ్ళీ నడిచింది.

"ఎవరితోనక్కా?" అన్నాడు వెనక కూర్చున్న తమ్ముడు.

"ఎవరితోనూ కాదు."

"చలేస్తోందక్కా."

తన దుప్పటి తీసి వెనక్కి విసిరింది. పీట మీదవాడు పోయాడు, అనుకుంది. మనసు కాస్త తేలికపడింది. ఆ నాలుగు వరసల బెంచీలు అప్పుడు గుర్తు రాలేదు.

సత్రం ఖాళీగా ఉంది. కాపలావాడు తాళంచెవి ఇచ్చి తన పాకలోకి వెళ్ళిపోయాడు. తమ్ముడు ఎద్దుని విప్పి కట్టడానికి పెరట్లోకి వెళ్ళాడు. జడ్జమ్మ కాగితాల పెట్టె గదిలో పెట్టి, గడియ వేసి, దీపం వెలిగించింది. అప్పుడు గుర్తొచ్చాయి బెంచీలు. సాక్షి వెళ్ళవచ్చు అంది. ఒక్క సాక్షి. పిలిచింది మాత్రం ఎవరైనా సరే అని. బెంచీల మీదవాళ్ళకి పొమ్మని చెప్పనేలేదు.

తలుపు తట్టారు.

"అక్కా, నేనే. తియ్యి."

చెయ్యి గడియ మీదికి వెళ్ళింది. అక్కడే ఆగింది. ఛీ, సొంత తమ్ముణ్ణి అనుకుంది. అయినా కర్ర నేలకి ఆనించి, ఒరిగి నిలబడి, "ఎవరు?" అంది.

బయట చిన్నగా నవ్వు. "నీ తమ్ముణ్ణి. ఆ ఊరి గాలి నీకూ సోకిందా?"

"ఎవరు?"

"నీ తమ్ముణ్ణే అక్కా. చలికి చచ్చిపోతున్నాను. తిట్టాలన్నా ముందు తలుపు తియ్యాలి కదా."

వాడే. ఇలాంటి మాటలు వాడు తప్ప ఎవరంటారు? తలుపు తీసెయ్యొచ్చు. జడ్జమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంకొక్కసారి. ఒక్కసారి చెప్తే చాలు. జన్మలో వాణ్ణి మళ్ళీ తిట్టదు.

"ఎవరు?"

చూరు నుంచి నీటిబొట్టు పడింది. ఇంకొకటి పడింది.

"చెప్పరా," గొణిగింది, తలుపుకి నుదురు ఆనించి. "ఒక్కమాట చెప్పరా..."

బయట ఎవరో ఊపిరి బిగబట్టుకుని ఉన్నట్టుంది. అంతే.

అప్పుడు వెనకనుంచి వినిపించింది. గడియ వేసిన గదిలో, కాగితాల పెట్టె దగ్గర... కలం గీసుకుంటున్న చప్పుడు. ఆ వెంటే, చిన్నప్పటినుంచీ తనకి తెలిసిన గొంతు. రాసుకుంటూ, ప్రతి మాటా పైకి అంటూ.

"మూడుసార్లు పిలవడమైనది. ఎవరూ రాలేదు."