పునీత బార్బరా ఎర్ర అంగీ

“ఆ అంగీలో ఒక ముక్క తేడాగా ఉందండీ.”

నిచ్చెన మీదున్న బొగ్నా చేతిలో బ్రష్ ఆగిపోయింది. కింద మూడో బెంచీలో ఒక యువకుడు పునీత బార్బరా బొమ్మ ఉన్న రంగుటద్దాల కిటికీకేసి కళ్లు చిట్లించి చూస్తున్నాడు.

సైలీషియా ప్రాంతంలోని ఈ బొగ్గు గనుల ఊళ్లో, ఇటుకల చర్చికి రంగుటద్దాలు బాగుచేయడానికి ఆమె క్రాకోవ్ నుంచి వచ్చి మూడు నెలలైంది. ఎల్లుండే తనిఖీ.

“ఏ ముక్క?”

“ఎడమ మోచేతి దగ్గరది.”

అంగీ మొత్తంలో బొగ్నా కొత్తగా వేసింది ఆ ఒక్క ముక్కే.

“రంగు తేడానా?”

“రంగు సంగతి తెలీదు. అదంతా గోధుమరంగే కదా?”

“గోధుమరంగా? అది ఎరుపండీ. నిప్పులాంటి ఎరుపు.”

“అలాగా,” అని మర్యాదగా తలూపి వెళ్లిపోయాడు.

ఆమెకు ఒళ్లు మండింది. ఫాదర్ అలోయిజ్‌ను పిలిచి చూపించింది.

“అన్నీ ఒకటే ఎరుపు తల్లీ. వాడు మన తెయోఫిల్, బళ్లో లెక్కలు చెబుతాడు. మంచివాడే.”

మంచివాడైతే ఆ మాటెందుకన్నట్టు? ఎగతాళా? పరిచయం పెంచుకునే ఎత్తా? రోజంతా ఆలోచించినా తేలలేదు. ముక్క గురించి ఆలోచిద్దామని కూర్చుంటే అతని ముఖమే గుర్తుకు రావడం ఇంకో చిరాకు.

మర్నాడు అతను మళ్లీ వచ్చాడు.

“నన్ను ఏడిపించమని ఎవరైనా పంపారా?” అంది బొగ్నా నిచ్చెన దిగుతూ.

“అయ్యో, లేదండీ. నాకు ఎరుపూ ఆకుపచ్చా ఒకేలా కనిపిస్తాయి. పుట్టుకతోనే. వెలుగు ఎక్కువా తక్కువా అన్నదే తెలుస్తుంది. వాన వచ్చేలా ఉంది, కాసేపు కూర్చోండి. మీకే కనిపిస్తుంది.”

నమ్మాలో వద్దో తెలియకుండానే పక్కన కూర్చుంది. మబ్బు కమ్మింది. అంగీలోని ఎరుపంతా నల్లబడిపోయింది. మోచేతి దగ్గర ఒక్క ముక్క మాత్రం ఆరని బొగ్గులా మెరుస్తూ ఉండిపోయింది.

“మూడు నెలలు రంగే చూశాను,” అంది నీరసంగా. “వెలుగు చూడలేదు.”

“ఇంకా ఒక రోజుంది కదండీ. నిచ్చెన నేను పట్టుకుంటాను.”

ఆ సాయంత్రమే ఇంకాస్త ముదురు గాజు కోసింది. తెల్లారి బిగించింది. అతను కింద నుంచి చూసి, “ఇప్పుడు కలిసిపోయింది,” అన్నాడు. తనిఖీకి వచ్చినవాళ్లు సంతకాలు పెట్టి వెళ్లిపోయారు. తెయోఫిల్ మాత్రం కదల్లేదు.

“పని అయిపోయిందిగా?” అంది బొగ్నా.

“మొదటి రోజు కిటికీ కోసమే వచ్చాను. రెండో రోజు కిటికీ కోసం కాదు.”

బొగ్నా పనిముట్లు సర్దుతున్నట్టు తల వంచుకుంది. సర్దినవే మళ్లీ సర్దింది.

“ఇంకో సందేహం,” అన్నాడతను. “మా అమ్మ వండే క్యాబేజీని ఇక్కడ నీలం క్యాబేజీ అంటారు. మీ క్రాకోవ్‌లో ఎర్ర క్యాబేజీ అంటారట. ముప్పై ఏళ్లుగా నాకు తేలలేదు. ఆదివారం భోజనానికి వచ్చి మీరే తేల్చాలి.”

అది ఊదారంగని బొగ్నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు.

“చూడకుండా ఎలా చెప్పను?” అంది.