పుంజు లేని గుడ్లు

“మీ గుడ్లల్ల పాణమే లేదు!”

1985, బోనాల ముందురోజు. లాల్‌దర్వాజాలో నా గుడ్ల దుకాణం ముందు, వానలో తడుస్తూ ఒక అమ్మాయి అరుస్తోంది. అంత అందమైన కోపం నేనెన్నడూ చూడలేదు.

“తాజా గుడ్లే మేడం.”

“పది రోజులు ఇంక్యుబేటర్ల పెట్టిన. ఒక్కదాంట్ల పిల్ల లేదు!”

నాకు నవ్వాగలేదు. “ఫారం గుడ్లకు పిల్లలెట్లయితయి? ఆడ పుంజే ఉండదు గదా!”

ఆమె ముఖం ఎర్రబడింది. పేరు కళావతి. క్యాన్సర్ మీద పీహెచ్‌డీ చేస్తోందట. ల్యాబ్‌కు గుడ్లు తెచ్చే ముసలాయన రిటైరయ్యేసరికి తానే బజారుకొచ్చింది. గుడ్డులోని పిల్ల నుంచి కణాలు తీసి గాజు గిన్నెలో పెంచాలట.

“ఈసారి పెరగకుంటే నా పని మా సార్ ఇంకొకరికి ఇస్తడు,” అంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

“ఫికర్ చేయకుండ్రి,” అన్నాను.

ఉప్పుగూడలో మా మేనత్త ఎల్లమ్మ పెంచే నాటుకోళ్ల గుడ్లు తెచ్చాను. కోడి పొదిగిన గుడ్డొకటి బల్బుకు అడ్డం పెట్టి చూపించాను. ఎర్రటి నరాలు, మధ్యలో కొట్టుకుంటున్న చుక్క. కళావతి ఊపిరి బిగబట్టి చూసింది. నేను ఆమెను చూశాను.

అప్పటినుంచి వారం వారం వచ్చేది. ఒకరోజు నాకు దుర్బుద్ధి పుట్టింది. కణాలు పెరిగితే ఈమె మళ్లీ రాదు కదా, బుట్టలో ఫారం గుడ్లు కలిపితే? ఆ కన్నీళ్లు గుర్తొచ్చి సిగ్గుపడ్డాను. ఏరి ఏరి మంచివే ఇచ్చాను.

దసరా వెళ్లాక ఒక మధ్యాహ్నం పరుగెత్తుకొచ్చింది. “అంజన్, పెరిగినయి! వచ్చి చూడుండ్రి!”

ల్యాబ్‌లో మైక్రోస్కోప్‌కు కన్ను ఆనించాను. మొదటి గిన్నెలో కణాలు ఒకే పొరగా పరుచుకుని, ఒకదానికొకటి తగలగానే ఆగిపోయాయి. రెండో గిన్నెలో కోళ్లకు క్యాన్సర్ తెచ్చే వైరస్ కలిపారట. అక్కడ ఒకదాని మీదొకటి ఎక్కి కుప్పలు పడ్డాయి. ఒళ్లు గగుర్పొడిచింది.

“కణం మీద చెవి లెక్క రిసెప్టర్ ఉంటది,” అంది కళావతి మెల్లగా. “పెరుగుమని బయటికెంచి మాటొస్తేనే దాని లోపలి భాగం పని మొదలుపెడ్తది. దాన్ని టైరోసిన్ కైనేజ్ అంటరు. వైరస్ తెచ్చిన రిసెప్టర్‌కు బయటి భాగమే లేదు. ఎవరు చెప్పకున్నా లోపల పెరుగు, పెరుగు అని ఒకటే లొల్లి.”

“మనల్ల గూడ ఉంటదా, రిసెప్టర్?”

“అందరిల. లేకుంటే మనం పుట్టేటోళ్లమే కాదు. అది చెడితే కొన్ని క్యాన్సర్లు గిట్లనే మొదలైతయి.”

మనల్ని పెంచేదీ, చెడితే మింగేదీ ఒక్కటే! భయమో భక్తో తెలియక చేతులు జోడించబోయి ఆగాను.

“అయితే ఇగ గుడ్లు అక్కర లేదా?” అన్నాను.

“ఇప్పటికి చాలు.”

మొదటి గిన్నె వైపు చూస్తూ అడిగాను. “మంచి కణం, మాటొచ్చేదాకా ఎన్ని రోజులు ఆగుతది?”

ఆమె గిన్నెకు మూత పెట్టింది. “కణం సంగతేమో గని, నేనైతే బోనాల సంది ఆగుతున్న. మీరే ఏం చెప్తలేరు.”

చెప్పాను. మాటలు తడబడ్డాయి.

కళావతి నవ్వింది. “మా బాపు ఆదివారం ఇంట్లనే ఉంటడు. ఆయనకు గూడ గిట్లనే చెప్పుండ్రి.”