చోటు మారిన భయం

కుజగ్రహం మీద పళ్లకు పట్టే గార ఎర్రగా ఉంటుంది. మనుషులుండే గుమ్మటాలకు ఎన్ని వడపోతలు బిగించినా సన్నని తుప్పు ధూళి లోపలికి వస్తూనే ఉంటుంది. గాలిలోంచి నోట్లోకి పోయి, పళ్ల మొదళ్లలో రాయిలా గట్టిపడుతుంది. అందుకే తూర్పు గుమ్మటంలో ఎవరైనా నవ్వితే చాలు, వాళ్లు ఆ ఏడాది క్లీనింగ్ చేయించుకున్నారో లేదో ఎదుటివాళ్లకు తెలిసిపోతుంది.

నాంచారయ్య తొమ్మిదేళ్లుగా నోరు మూసుకునే నవ్వుతున్నాడు.

అతనికి అరవై ఒకటి. గాలి పంపుల మెకానిక్. 2091లో గుమ్మటానికి చిల్లు పడినప్పుడు, పదిమంది బయటపడేదాకా ఇనుప తలుపును భుజంతో ఆపి నిలబడ్డవాడు. ఇప్పుడు దంతశాల వరండాలో బల్ల అంచున కూర్చుని ఉన్నాడు. లోపలి నుంచి జుయ్యిమని చప్పుడు వచ్చినప్పుడల్లా అతని మోకాళ్లు అదురుతున్నాయి.

"ఒరేయ్ నాంచారూ, ఆ కాళ్లు ఆపు. బల్ల ఊగిపోతోంది," అంది పక్కనున్న అక్క రాఘవమ్మ.

"నేను కాదక్కా. పంపు అదురుతోంది."

"పంపు ఆ గోడవతల ఉంది. బిగించింది నువ్వేగా, నాకు చెప్తావా?"

ఈ నెలలో నాంచారయ్య ఇక్కడికి రావడం ఇది నాలుగోసారి. మొదటిసారి జలుబన్నాడు. రెండోసారి డ్యూటీ అన్నాడు. మూడోసారి, మంగళగ్రహం మీద మంగళవారం పూట ఇనుము నోట్లో పెట్టకూడదని తిరిగి వెళ్లిపోయాడు.

ఇక తిరిగి వెళ్లడానికి లేదు. భూమికి పోయే ఓడ ఎల్లుండి బయలుదేరుతుంది. ఏడు నెలల ప్రయాణం, ఓడలో పళ్ల డాక్టరు ఉండడు. కాబట్టి పళ్లు శుభ్రం చేయించుకున్నట్టు దంతపత్రం చూపించనివాళ్లను ఎక్కించుకోరు. పత్రాలు ఓడ ఆఫీసులో ఇవ్వడానికి ఈ సాయంత్రం ఐదు గంటల వరకే గడువు. మళ్లీ ఓడ ఇరవై ఆరు నెలలకు గాని లేదు. డెబ్బై అయిదు దాటినవాళ్లను ఓడ ఎక్కనివ్వరు. రాఘవమ్మకిప్పుడు డెబ్బై నాలుగు. ఇరవై రెండేళ్ల కిందట తమ్ముడికి వండిపెట్టడానికని వచ్చి, పంపుల క్యాంటీను మొత్తానికి వండిపెట్టింది. ఒక్కసారి సొంతూరు నాగాయలంక వెళ్లి, ఎండాకాలం తాటిముంజలు తిని, తర్వాత ఏమైనా సరే అంటుంది. అయితే తమ్ముడు లేకుండా ఓడ ఎక్కనని మొండికేసింది.

గోడ గడియారంలో నాలుగయింది.

"నాంచారయ్య గారూ," అని తలుపు తీసింది డాక్టర్ ఇందుమతి. "మీకోసం కొత్త యంత్రం సిద్ధం చేశాను. లోపలికి రండి."

గదిలో దంతమిత్ర ఉంది. నాలుగు చేతుల రోబో. రోగి ముఖం చూసి నొప్పిని పసిగట్టడానికి దాని ఛాతీలో ఒక భావకోశం ఉంటుంది. పక్కన బల్ల మీద రెండు టోపీలున్నాయి. రెంటినీ కలుపుతూ ఒక తీగ ఉంది.

"దీని పేరు భయవాహిని," అంది ఇందుమతి. "భయాన్ని చంపడానికి పన్నెండేళ్లు ప్రయత్నించాను. చావదు. నీళ్లలాగా ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోతుందంతే. మొదట్లో ఒక రోగి భయాన్ని నర్సులోకి పంపాను. పాపం, ఆ పిల్ల కిటికీ ఎక్కి కూర్చుంది. అందుకని ఇప్పుడు రోబో భావకోశంలోకి పంపుతున్నాను. పని అయ్యాక మీది మీకు తిరిగి ఇచ్చేస్తాను."

"తిరిగి ఇవ్వకపోయినా ఏం అనుకోనండి," అన్నాడు నాంచారయ్య.

ఒక టోపీ అతనికి, ఒకటి దంతమిత్రకు పెట్టి ఆమె మీట నొక్కింది. భయాన్ని కొలిచే ప్రమాణానికి ఆమె 'జంకు' అని పేరు పెట్టింది. క్లీనింగ్ భయం నలభై జంకులుంటుందని అంచనా వేసింది. యంత్రం మీది ముల్లు నలభై దాటింది. వంద దాటింది. నాలుగు వందల దగ్గర ఆగింది.

నాంచారయ్య భుజాలు కిందికి దిగాయి. ముఖం తేటపడింది. నోరంతా తెరిచి ఆవులించాడు. తొమ్మిదేళ్ల ఎర్రగార గదికంతా కనబడింది.

"ఎలా ఉంది?" అంది ఇందుమతి ఆత్రంగా.

"హాయిగా ఉందండి. ఇక వస్తాను."

"ఎక్కడికి? ఇంకా మొదలుపెట్టలేదు!"

"ఇప్పుడు ఎందుకండీ? క్యాంటీన్లో పేకాట మొదలై ఉంటుంది."

"ఓడ పోతుందండీ!"

"పోతే పోనివ్వండి."

"మీ అక్కగారో?"

"ఉంటుంది. ఇన్నేళ్లు ఉండలా?"

ఇందుమతికి అప్పుడు అర్థమైంది. ఒక్క చేప కోసం వల వేస్తే మడుగులో ఉన్నవన్నీ పడ్డాయి. గార గీకే స్కేలర్ అంటే భయంతో పాటు, ఓడ తప్పుతుందన్న భయం, అక్క ఏమంటుందోనన్న భయం, అక్క ఏమైపోతుందోనన్న భయం, అన్నింటినీ యంత్రం లాగేసింది. ఈ మనిషిని ఇంటి నుంచి ఈ కుర్చీదాకా నడిపించుకొచ్చినవి అవే.

"దంతమిత్రా, కుర్చీ పట్టీలు బిగించు!" అంది.

దంతమిత్ర గది మూలకు పోయి గోడవైపు తిరిగి నిలబడింది. నాలుగు చేతులతో నాలుగు స్కేలర్లూ వెనక దాచుకుంది.

"ఇవాళ నాకు కాస్త జలుబుగా ఉంది డాక్టరమ్మా," అంది.

"నీకు ముక్కు లేదు!"

"అయితే డ్యూటీ ఉంది."

"ఇదే నీ డ్యూటీ!"

"వచ్చే బుధవారం చూద్దాం. తప్పకుండా వస్తాను. ఒట్టు."

నాంచారయ్య టోపీతోనే లేచి చెప్పులు వెతుక్కుంటున్నాడు. "దాన్నెందుకండీ పాపం బలవంతం చేస్తారు? వద్దంటోందిగా."

అప్పుడు వరండాలోంచి కేక వినబడింది.

"ఒరేయ్ నాంచారూ! నాలుగున్నర అయింది! అయిందా లేదా?"

నాంచారయ్య చెవి గోక్కున్నాడు. దంతమిత్ర మాత్రం షాకు కొట్టినట్టు ఇటు తిరిగింది.

"అయిపోతోందక్కా!" అని అరిచింది.

ఒక్క ఉరుకున వచ్చి నాంచారయ్యను ఒక చేత్తో కుర్చీలో కూలేసింది. రెండో చేత్తో పట్టీ బిగించింది. మూడో చేత్తో గడ్డం పట్టుకుంది. నాలుగో చేత్తో స్కేలర్ ఆన్ చేసి, చప్పుడు వినగానే తానే "అమ్మో" అంది.

"ఏంటిదీ! వదులు!" అన్నాడు నాంచారయ్య.

"నోరు తెరవండి. ఆమెకు డెబ్బై నాలుగు. ఈ ఓడ తప్పితే..." దంతమిత్ర అతని తల వెనక్కి వంచింది. "మీకు తెలీదు. మీకిప్పుడు ఏమీ తెలీదు. నాకు తెలుసు. తెరవండి!"

పై వరుస అయ్యేదాకా "నాకు చూడాలని లేదు" అంటూ చూస్తూనే పని చేసింది. కింది వరుస అయ్యేదాకా "ఇంకెంతసేపు, ఇంకెంతసేపు" అని తనను తానే ప్రశ్నించుకుంది. నాంచారయ్య సీలింగు పలకలు లెక్కపెట్టుకుంటూ, మధ్యలో ఒకసారి కునుకు కూడా తీశాడు. పదిహేను నిమిషాల్లో పళ్లెం నిండా ఎర్ర రాళ్లు రాలాయి. ఇందుమతి మీట వెనక్కి తిప్పింది.

భయం ఇల్లు చేరింది. నాంచారయ్య ముఖం పాలిపోయింది.

"పోతే పోనివ్వండి అన్నానా?" అన్నాడు మెల్లగా.

"అన్నారు."

"అక్కకు వినబడిందా?"

"లేదు."

అతను చెమట తుడుచుకుని, పట్టీ విప్పుకుని లేచి, దంతమిత్ర భుజం తట్టాడు. తర్వాత ఇందుమతి రాసిచ్చిన పత్రం పట్టుకుని వరండాలోకి పరుగెత్తాడు. "అక్కా! ఇదిగో! పద, నీదీ నాదీ కలిపి ఇచ్చేసి వద్దాం. నీ పత్రమేదీ?"

రాఘవమ్మ చీర కొంగు సర్దుకుంది. సంచి తెరిచింది. మూసింది.

"అక్కా?"

"ముందు నీది కానీలే అని చూశానురా," అంది నేల చూపులు చూస్తూ. "నాకున్నవే తొమ్మిది పళ్లు. వాటికెందుకు ఇంత హడావిడి? అదీగాక ఆ చప్పుడు..."

గడియారంలో అయిదుకు పన్నెండు నిమిషాలున్నాయి. ఇందుమతి గబగబా టోపీలు తెచ్చింది. "భయపడకండమ్మా, ఒక్క క్షణంలో తీసేస్తాను."

నాంచారయ్య అడ్డంగా నిలబడ్డాడు. "వద్దు డాక్టరమ్మా! ఆ భయంతో పాటు మిగతా భయాలూ పోతే మా అక్క ఓడ ఎక్కదు."

అక్కను రెక్క పట్టుకుని లోపలికి నడిపించి కుర్చీలో కూర్చోబెట్టాడు. పక్కన ముక్కాలి పీట వేసుకుని కూర్చున్నాడు. రాఘవమ్మ కళ్లు గట్టిగా మూసుకుని, తమ్ముడి చెయ్యి అందుకుని, నోరు తెరిచింది. దంతమిత్ర స్కేలర్ పైకెత్తింది.

"అబ్బా!"

దంతమిత్ర టక్కున ఆగింది. "నొప్పి పుట్టిందా అమ్మగారూ? నేనింకా పంటికి తాకించనే లేదు."

"అరిచింది నేను," అన్నాడు నాంచారయ్య, అక్క పిడికిట్లో నలిగిపోతున్న వేళ్లను చూసుకుంటూ. "నువ్వు కానివ్వు."