మూడో సంతకం

ముర్దో కెయిర్డ్ శవం లీత్ రేవులో తేలిన గురువారం నాడు ఎడింబరో సాగర విజ్ఞాన సంఘం తన కార్యదర్శిని పోగొట్టుకుంది. రానల్డ్ గెడ్డెస్ తన స్నేహితుణ్ణి పోగొట్టుకున్నాడు.

రానల్డ్ పైకి సముద్ర శాస్త్రజ్ఞుడు. లోపల రక్షణ శాఖ గూఢచారి. సోమవారం లండన్ నుంచి ఫోన్ వచ్చింది.

“చేపలు తాజావేనా?”

“ఉప్పు వేశాం,” అన్నాడు కోడ్ ప్రకారం.

“మీ సంఘంలో సభ్యత్వానికి నిలబడ్డ డాక్టర్ మారెన్ తోఫ్తె శత్రువుల మనిషి. సభ్యురాలైతే మ్యాపుల గది తాళంచెవి చేతికొస్తుంది. మన సబ్‌మెరైన్లు దాక్కునే లోయలన్నీ అందులో ఉన్నాయి. ఇవాళ అయిదింటికి ఓటింగ్. లోపల ఆమెకి సాయం చేస్తున్నదెవరో పట్టుకో.”

ఆమె సిఫారసు కాగితం మీద మొదటి సంతకం రానల్డ్‌దే. ‘ఈమెను స్వయంగా ఎరుగుదును’ అన్న వాక్యం కింద పెట్టాడు. ఎరిగింది ఒక్క టీ పార్టీలో. సంతకం అడిగింది అతని గురువు, సంఘాధ్యక్షుడు ప్రొఫెసర్ హెక్టర్ ఇమ్రీ.

నాలుగున్నరకి ఇమ్రీ గదిలోకి వెళ్ళాడు. సిఫారసు కాగితం ఆరు వారాలుగా అక్కడి గోడకి వేలాడుతోంది. ముగ్గురు సభ్యులు దాని ముందు నిలబడి, దారం కట్టిన పెన్సిలుతో సంతకం చేయాలి. గోడ మీద పెన్ను సరిగ్గా పారదు. రానల్డ్‌దీ ఇమ్రీదీ పెన్సిలు రాతే. మూడోది ముర్దోది, నీలి సిరాతో, ఎక్కడా తెగకుండా ఉంది.

“ముర్దో ఎప్పుడు చేశాడు సార్?”

“బుధవారం. ఏమయ్యా?”

“ఇది గోడ మీద చేసింది కాదు. కాగితం దించి, బల్ల మీద పెట్టుకుని చేశారు. ఈ గది తాళం మీ ఒక్కరి దగ్గరే ఉంటుంది.”

ఇమ్రీ నిదానంగా టీ పోసుకున్నాడు. “నీకు మైక్రోస్కోపు పట్టడం నేర్పింది నేనే. ఇంత బాగా నేర్పి ఉండకూడదు.”

“ముర్దో ఏం చేశాడు సార్ మిమ్మల్ని?”

“ఆవిడ నాకు తెలీదు, సంతకం పెట్టనన్నాడు. పోలీసులకి చెబుతానన్నాడు. నువ్వు నయం. అడగ్గానే పెట్టావు.”

రానల్డ్ జేబులోని సిగరెట్ లైటర్‌లో దాచిన మైకు ప్రతి మాటా కింద కారులో ఉన్న పోలీసులకి వినిపిస్తోంది. వాళ్ళు పైకి వచ్చేసరికి అయిదు దాటింది.

కాగితం పట్టుకుని రానల్డ్ హాల్లోకి పరుగెత్తాడు. ‘సరే’ అనే ఓటుకి వేసే తెల్ల గోళీలు పెట్టెలో పడుతున్నాయి. ఆఖరి సభ్యుడి చెయ్యి పెట్టె మీద ఉంది.

“ఆగండి.”

రబ్బరు తీసి, అందరి ముందూ తన పేరు చెరిపేశాడు. “ఇక రెండే సంతకాలు. ఓటు చెల్లదు.”

మారెన్ పట్టు గ్లవ్స్ తొడుక్కుంటూ నవ్వింది. “పెన్సిలు మంచి ఆచారమే, డాక్టర్ గెడ్డెస్.” గుమ్మం దగ్గర పోలీసులు ఆమె కోసం నిలబడి ఉన్నారు.

ఇమ్రీని సంఘం నుంచి తొలగించడానికి కూడా అతన్ని స్వయంగా ఎరిగిన ముగ్గురి సంతకాలు కావాలి. ఇద్దరు చేశారు. రానల్డ్ ఇంకా చేయలేదు.